గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడం



వ్యర్థమైన శ్రమను చెప్పడానికి మన భాషలో నుడికారాలకు కొదవ లేదు. వాటిలో "గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడం" అన్నదానికి మాత్రం సాటి లేదని నా అభిప్రాయం. ముప్పై రెండేళ్ళ ఉపాధ్యాయ జీవితంలో దాన్ని ఎన్ని తరగతులలో ఎన్ని వందలసార్లు ప్రయోగించానో లెక్క లేదు. కన్నకొడుకు మీద మాత్రం ఒక్కసారే ప్రయోగించాను. 2023 వేసవిలో, అమెరికాలోని నార్త్ కరోలైనా రాష్ట్రంలో, షార్లెట్ నగరంలో, వాడింటి భోజనాల బల్ల దగ్గర. అలా అన్నందుకు ఇప్పుడు విచారిస్తున్నాను. ఆ విచారమే ఈ టపాకు మూలం.

సంగతి ఏమంటే, మావాడు ఒక పాత స్పోర్ట్స్ కారు కొనదలచాడు. ఇద్దరికి మించి కూర్చోవడానికి చోటు లేనిది, పైకప్పు గుడ్డతో చేసినది, అప్పటికి వయస్సు ఇరవై ఏడేళ్ళు. వాడికి ఇల్లు ఉన్నది, ఇంటిమీద అప్పు ఉన్నది, అయిదేళ్ళ కూతురు ఉన్నది, ఇంటిల్లిపాదీ పట్టే మంచి కారు ఒకటి ఉన్నది. మరి ఈ రెండోది దేనికి?

"దీనివల్ల ఉపయోగం ఏమిటిరా?" అని అడిగాను.

వాడు కాసేపు ఆలోచించి, "ఉపయోగం ఏమీ లేదు నాన్నగారూ, నాకు ఇష్టం" అన్నాడు.

అప్పుడే నా నోట గుడ్డిగుర్రం వచ్చింది. మా కోడలు కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా ఇంటావిడ నావంక ఒక చూపు చూసింది. ఆ పూట బల్ల దగ్గర ఇంకెవరూ మాట్లాడలేదు.

నా కోపంలో న్యాయం బొత్తిగా లేదని అనను. స్పోర్ట్స్ కారు అనగానే నాబోటివాడికి స్ఫురించేది ధనమదం, చెవులు చిల్లులు పడే ధ్వని, హద్దు మీరిన వేగం, మర్నాటి పత్రికలో ప్రమాదవార్త. బడిపంతులు ఇంట పుట్టి, ఉపకారవేతనాలతో చదువుకుని, సముద్రాలు దాటి వెళ్ళినవాడికి ఇదేం బుద్ధి అని బాధపడ్డాను. ఆ కారు ఎటువంటిదో తెలుసుకోవాలన్న ధ్యాస నాకు తరువాత గాని కలగలేదు.

దాని పేరు మియాటా. తయారు చేసినది జపాను దేశపు మాజ్దా సంస్థ. తక్కిన చాలా దేశాలలో దీన్నే ఎమ్ఎక్స్-5 అంటారు. 1960లలో ఇంగ్లండులో తేలికపాటి చిన్న రెండుసీట్ల కార్లు విరివిగా తయారయ్యేవి. అందంగా ఉండేవి, అధికార్లూ శ్రీమంతులూ కానివాళ్ళు కూడా కొనుక్కోగలిగేవి. కాని నూనె కారేవి, వాన పడితే మొరాయించేవి. 1980 ప్రాంతానికి ఆ తరం కార్లు దాదాపు అంతరించాయి. ఆ ముచ్చటను మళ్ళీ బ్రతికించవచ్చునని మాజ్దావారికి నచ్చజెప్పినవాడు బాబ్ హాల్ అనే అమెరికను. ఆయన మొదట పత్రికలలో కార్లను గురించి వ్రాసినవాడు, తరువాత ఆ సంస్థలోనే చేరాడు. ఒక పత్రికారచయిత మాట పట్టుకుని ఒక కర్మాగారం కారు తయారు చేసిందంటే, వ్రాతగాళ్ళమైన మనం సంతోషించవలసిన విషయమే. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో ఆ కారు లోకానికి కనిపించింది. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షలు తయారయ్యాయి.

దీని బలం చెప్పుకోదగ్గదేమీ కాదు. మావాడు చూసిన 1996 నాటి కారు ఇంజను 1.8 లీటర్లది. ఆ దేశంలో సంసారులు బజారుకు వెళ్ళే కార్లలో అంతకంటె బలమైనవి కొల్లలు. అయితే బరువు తక్కువ, ఇంచుమించు వెయ్యి కిలోలు. ఆ బరువు ముందు చక్రాల మీద సగం, వెనుక చక్రాల మీద సగం పడేటట్లు అమర్చారు. గేరు చేత్తో వేయాలి. నడిపేవాడి చేతికీ కాలికీ బండి వెంటనే బదులు పలుకుతుంది. ఈ గుణానికి జపానువారు "జిన్బా ఇత్తాయి" అని పేరు పెట్టుకున్నారు. గుర్రమూ రౌతూ ఒకే శరీరం అని దాని తాత్పర్యం.

ఈ మాట మావాడు చెప్పగానే నాకు భారతంలోని నలుడు జ్ఞాపకం వచ్చాడు. అశ్వహృదయం తెలిసినవాడు ఆయన. అయినా పైకి అనలేదు. అలిగినవాణ్ణి కదా!

వాడు చూడబోయే కార్లను నేనూ చూస్తానని ఆ శనివారం వెంట బయలుదేరాను. వెళ్ళింది సాయానికి కాదు, ఆపడానికి. ఆ సంగతి వాడికీ తెలుసు.

మొదట చూసినది ఎర్రకారు. అద్దంలా మెరుస్తున్నది. ధర అయిదువేల అయిదువందల డాలర్లు. ఈ ధరకు ఇంత సొంపైనది దొరుకుతున్నది కదా అని నాకే ఒక క్షణం ఆశ పుట్టింది. మావాడు అమ్మేవాడికి నమస్కారం చెబుతూనే ముందు మూతమీద అరచేయి ఆనించాడు. వేడిగా ఉంది. "మేము వచ్చేలోగా ఒకసారి నడిపి ఉంచినట్లున్నారే" అన్నాడు మర్యాదగా. చల్లారిన ఇంజను మొదటిసారి అంటుకునేటప్పుడు చేసే చప్పుళ్ళూ వదిలే పొగా దాని అసలు ఆరోగ్యాన్ని బయటపెడతాయట. నీలిపొగ వస్తే ఇంజను నూనె కాలుతున్నదని, తెల్లపొగ ఆగకుండా వస్తే చల్లబరచే నీరు లోపలికి చేరుతున్నదని అనుమానించాలట. ముందే వేడి చేసి ఉంచితే ఆ రహస్యాలు కొన్ని దాగిపోతాయి.

తరువాత వాడు వెనుకచక్రం ముందు మోకాళ్ళమీద కూర్చుని, తలుపు క్రింది అంచును వేళ్ళతో తడిమాడు. రంగు క్రింద చిన్న చిన్న పొక్కులు ఉన్నాయి. నన్ను కూడా తడిమి చూడమన్నాడు. గుడ్డకప్పు మీద పడిన వాననీరు పోవడానికి సీట్ల వెనుక రెండు తూములు ఉంటాయి. వాటిలో ఆకులూ మట్టీ చేరితే నీరు దారి తప్పి తలుపు క్రింది దూలంలో నిలుస్తుంది. ఇనుము లోపలినుంచి తుప్పు పట్టుతుంది. పైకి కనిపించేనాటికి లోపల తినవలసినదంతా తినేసి ఉంటుంది.

ఇక టైర్లు. గాళ్ళు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. కాని ప్రతి టైరు ప్రక్కన నాలుగు అంకెలు అచ్చుపోసి ఉంటాయట. మొదటి రెండూ వారం, తక్కిన రెండూ సంవత్సరం. అక్కడ "2311" అని ఉంది. అంటే 2011లో ఇరవై మూడో వారం. టైరుకు పన్నెండేళ్ళు. అరగని టైరు కూడా ఆ వయస్సుకు గట్టిపడి పట్టు తప్పుతుంది, తడిరోడ్డు మీద జారుతుంది. కొండదారిలో ప్రాణం నిలిపేది ఆ నాలుగు అరచేతులంత రబ్బరే కదా!

మావాడు అమ్మేవాడికి కృతజ్ఞత చెప్పి వెనుదిరిగాడు. నేను వాడిని ఆపవలసిన పని లేకపోయింది.

తిరుగుదారిలో నాకు మా నాన్న జ్ఞాపకం వచ్చాడు. ఒంగోలు ప్రాంతపు రైతు ఆయన. నా చిన్నతనంలో ఎడ్ల సంతకు వెంట తీసుకువెళ్ళేవాడు. రంగు పూసిన కొమ్ములూ మెడలో గంటలూ మువ్వలూ ఆయన కంటికి ఆనేవి కావు. నోరు తెరిపించి పళ్ళు చూసి వయస్సు కట్టేవాడు. సుడులు చూసేవాడు. గిట్టలు ఎత్తి చూసేవాడు. చివరకు నడిపించమని చెప్పి, తాను వెనుకగా నిలబడి చాలాసేపు నడక చూసేవాడు. ఆ ఎద్దుల బేరం చేసిన చేయే ఇక్కడ తలుపు క్రింద తుప్పును తడుముతున్నట్లు నాకు తోచింది. తాతను మావాడు బాగా ఎరుగడు. నేను వాడికి నేర్పినవి ఛందస్సూ సంధులూ మాత్రమే. మరి ఇది ఎక్కడినుంచి వచ్చింది?

రెండో కారు మూడు వారాల తరువాత దొరికింది. తెల్లరంగు వెలిసిపోయి ఉంది. గుడ్డకప్పు చిరిగితే పట్టీ అతికించి ఉంది. అమ్మేవాడు నా వయస్సువాడే, పదవీ విరమణ చేసినవాడు. పందొమ్మిదేళ్ళుగా ఆ కారు ఆయన దగ్గరే ఉన్నదట. మేము వెళ్ళేటప్పటికి ఇంజను చల్లగా ఉంది. బల్లమీద లావుపాటి అట్టల సంచీ ఉంది. దానిలో నూనె మార్చిన ప్రతిసారీ రసీదు, తారీఖు, అప్పటికి తిరిగిన మైళ్ళు. అంత శ్రద్ధగా వ్రాసిన హాజరుపట్టీని నేను నా ఉద్యోగంలో చూడలేదు.

అంతటితో ఆగలేదు మావాడు. అమ్మేవాడి ఒప్పుదలతో కారును తనకు సంబంధం లేని ఒక మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్ళి, నూటయాభై డాలర్లు ఇచ్చి పరీక్ష చేయించాడు. నాలుగు సిలిండర్లలో ఒత్తిడి సమానంగా ఉంది. తుప్పు లేదు. ఇంజనులోని టైమింగ్ బెల్టు మార్చి చాలాకాలమైంది. అరవైవేల మైళ్ళకొకసారి మార్చవలసినది అది. క్లచ్చు వద్ద ద్రవం చెమరుస్తున్నది. పైకప్పు ఎటూ మార్చక తప్పదు. ఈ మూడింటినీ చూపించి, ఏడువేల అయిదువందలు అడిగినదాన్ని ఆరువేల ఎనిమిదివందలకు ఒప్పించాడు. ఆ రాష్ట్రంలో కారు యాజమాన్యపత్రం మీద సంతకాలు నోటరీ ఎదుట చేయాలి. సంతకం చేసి వచ్చిన తరువాత ఆ పెద్దమనిషి కారు తలుపుమీద చేయి వేసి కొంతసేపు నిలబడ్డాడు. తాళంచెవి ఇచ్చేటప్పుడు, సీట్ల వెనుక తూములు ఏటా శుభ్రం చేయమని మావాడికి రెండుసార్లు చెప్పాడు. ఆడపిల్లను అత్తవారింటికి పంపే తండ్రి ముఖం అది.

ఇక్కడ నా అలుక కొంత సడలింది. దారిలో వాడికి నలుడి కథ చెప్పాను. శాపగ్రస్తుడై బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా ఉన్నప్పుడు, ఒక్క పగటిలో విదర్భకు చేరవలసిన పని పడుతుంది. బాహుకుడు గుర్రపుశాలకు వెళ్ళి బక్కచిక్కిన గుర్రాలను ఎంచి తెస్తాడు. ఈ డొక్కలెండిన గుర్రాలేమిటని రాజు విసుక్కుంటాడు. బాహుకుడు వాటి సుడులూ లక్షణాలూ చూపించి, ఇవే చేరుస్తాయంటాడు. అవే చేర్చాయి. దారిలో రాజు ఉత్తరీయం జారితే, ఆపి తెద్దామనేలోగా అది యోజనం వెనుకబడిపోయింది. "మీరు ఆ ఎర్రకారును వదిలి ఈ వెలిసినదాన్ని ఎంచడం ఆ పద్ధతిలోనే ఉందిరా" అన్నాను. వాడు నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు.

అయితే ఆ కథలో రెండో సగం ఉన్నది. నా అభిప్రాయమంతా దానిమీదే ఆధారపడి ఉన్నది.

అశ్వహృదయం తెలిసిన నలుడు రాజ్యం ఎలా పోగొట్టుకున్నాడు? జూదంలో. అంటే లెక్క తెలియక. ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పగలిగిన సంఖ్యావేత్త. ఆ అక్షహృదయాన్ని నలుడు ఆయన దగ్గర నేర్చుకున్న మరుక్షణమే కలి ఆయన శరీరం వదిలి బయటికి వచ్చాడు. గుర్రం మనస్సు ఎంత తెలిసినా కలి వదలలేదు. లెక్క తెలిసిన తరువాతనే వదిలాడు. పాత స్పోర్ట్స్ కారు కొనదలచినవాడు ఆ ఘట్టాన్ని మనస్సులో ఉంచుకోవాలని నా సలహా. చవకగా వచ్చిందని కొని, నడపడానికి లెక్క వేసుకోనివాడిని కలి పట్టుకునే ఉంటాడు.

ఆ రాత్రే మావాడికి రెండుగీతల కాపీపుస్తకం ఒకటి ఇచ్చి, ప్రతి డాలరూ వ్రాయమన్నాను. వ్రాశాడు. మొదటి రెండేళ్ళ ఖర్చు నా దగ్గర ఉంది. కొన్న ధర 6,800. దానిమీద రాష్ట్రపు పన్ను నూటికి మూడు వంతున 204. టైమింగ్ బెల్టు, నీటిపంపు 850. నాలుగు టైర్లు 460. క్లచ్చు భాగాలు, పనిముట్లు 280. కొత్త గుడ్డకప్పు కూలితో సహా 1,100. నూనెలూ ద్రవాలూ చిల్లరా 200. అంటే కొన్న తరువాత పెట్టినది 2,890 డాలర్లు. కొన్న ధరలో అయిదింట రెండు వంతులకు పైమాట. బీమా, పెట్రోలు దీనికి వేరు. కనుక చేతిలో పదివేలు ఉన్నవాడు ఆరేడువేల కారు చూడాలి గాని పదివేల కారు చూడరాదు. ఏనుగును కొని అంకుశానికి తడుముకోవడం మన పెద్దలు ఎరిగిన అవివేకమే.

ఈ లెక్కకు ఎదురుగా మరొక లెక్క పెట్టి చూడండి. మావాడి స్నేహితులలో ఒకరు కొత్త పెద్దకారు ఆరేళ్ళ వాయిదాలమీద కొన్నారు. ఇంటికి అవసరమే అన్నారు, ఎవరూ తప్పు పట్టలేదు, నేనూ పట్టలేదు. ఆ కారు మొదటి మూడు నాలుగేళ్ళలో పోగొట్టుకునే విలువలో మావాడి ముచ్చట మొత్తం తీరిపోతుంది. ఇరవై ఏడేళ్ళ కారు పోగొట్టుకోవలసిన విలువ ఎప్పుడో పోగొట్టుకుంది. బాగా చూసుకుంటే కొన్నధరకు దగ్గరగా మళ్ళీ అమ్ముకోవచ్చు. "అవసరం" అన్న పేరు పెట్టుకున్న ఖర్చును మనం ప్రశ్నించం. "ఇష్టం" అని నిజం చెప్పినవాణ్ణి మాత్రం బోనులో నిలబెడతాం. నేను చేసినది అదే.

ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం కారు ఇంటిముందే మొరాయించింది. క్లచ్చు కాలిమెట్టు నొక్కితే నేలకు అంటుకుపోయి పైకి రాలేదు. మెకానిక్కు ముందే హెచ్చరించిన చెమరింపు ఇదే. "దున్నబోతే దూడల్లోను, మేయబోతే ఎద్దుల్లోను" అన్నది మా ఇంటావిడ ఆ కారును చూసి. శనివారం పొద్దున మావాడు కారును జాకీలమీద ఎత్తి, గట్టి ఆసరాలు పెట్టి, క్రిందికి దూరి పాతభాగం విప్పి కొత్తది బిగించాడు. తరువాత గొట్టంలో చేరిన గాలిని వెళ్ళగొట్టాలి. ఇది ఒక్కడు చేసే పని కాదట. ఒకరు మెట్టు నొక్కి పట్టుకోవాలి, మరొకరు క్రింద మర తిప్పి గాలి వదలాలి. "నాన్నగారూ, మీరు సీట్లో కూర్చుంటారా?" అని అడిగాడు.

కూర్చున్నాను. అరవై దాటిన తెలుగు పండితుడు, జన్మలో కారు నడిపి ఎరుగనివాడు, స్పోర్ట్స్ కారు చుక్కాని ముందు! క్రిందినుంచి వాడి గొంతు: "నొక్కండి... అలాగే పట్టుకోండి... ఇప్పుడు వదలండి." నేను తరగతిలో ఉక్తలేఖనం చెప్పినట్లే ఉన్నది. పదాలు నెమ్మదిగా, స్పష్టంగా, ఎదుటివాడు అందుకునే దాకా ఆగి. ముప్పై నలభై సార్లు నొక్కాను. మెల్లమెల్లగా మెట్టు నా పాదం క్రింద గట్టిపడుతూ వచ్చింది. ఒక ప్రాణి తేరుకుంటున్నట్లే అనిపించింది. వాడు నూనెచేతులతో బయటికి వచ్చి, "వచ్చింది కదా?" అన్నాడు. వచ్చింది.

ఆనాడు నాకు ఇంకొకటి కూడా జ్ఞాపకం వచ్చింది. అది చెప్పకుండా ఈ టపా ముగిస్తే అబద్ధం అవుతుంది.

నా ఉద్యోగకాలమంతా నేను విన్న ప్రశ్న ఒకటే: "తెలుగువల్ల ఉపయోగం ఏమిటి మాస్టారూ?" పిల్లల తండ్రులు అడిగారు, తోటి ఉపాధ్యాయులు హాస్యానికి అడిగారు, లెక్కలకు చాలని పీరియడ్లు నా కాలపట్టికనుంచి తీసుకునేటప్పుడు అధికారులు అడగకుండానే అడిగారు. నేను ప్రతిసారీ నొచ్చుకున్నాను. పద్యానికి ఉపయోగం అడగరాదనీ, ఇష్టపడినవాడికి అది ఇచ్చేది కొలతకు అందదనీ గంటలకొద్దీ వాదించాను. అటువంటి నేనే, మావాడు ఇంటర్మీడియట్ చేరేటప్పుడు తెలుగు తీసుకుంటానంటే, మార్కులు బాగా వస్తాయని నలుగురూ చెప్పగా సంస్కృతం తీసుకొమ్మని చెప్పి దరఖాస్తుమీద సంతకం పెట్టాను. అప్పుడు నేను వాడితో అన్న మాట అక్షరాలా ఇదే: "ఇప్పుడు తెలుగువల్ల నీకు ఉపయోగం ఏమిటిరా?" సంస్కృతంమీద నాకు గౌరవం తక్కువై ఈ మాట చెప్పడం లేదు. వాడు దానిని చదివినది సంస్కృతం కోసం కాదు, మార్కుల కోసం. వాడు మరిచిపోయి ఉంటాడనుకున్నాను. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ, "మీరు ఈ ప్రశ్న నన్ను అడగడం ఇది రెండోసారి" అన్నాడు. అంతే అన్నాడు. అంతకుమించి అనవలసినది లేదు.

అక్టోబరులో, మేము తిరిగి వచ్చే ముందు, వాడు నన్ను బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీదికి తీసుకువెళ్ళాడు. అది కొండల శిఖరాల వెంట వర్జీనియా, నార్త్ కరోలైనాలలో 469 మైళ్ళు సాగే దారి. 1935లో మొదలుపెట్టి 1987లో పూర్తి చేశారు. లారీలు ఉండవు, ప్రకటనల బోర్డులు ఉండవు. వేగం గంటకు 45 మైళ్ళు దాటరాదు, అంటే మన లెక్కలో 72 కిలోమీటర్లు. (2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఈ దారిని నార్త్ కరోలైనాలో చాలాచోట్ల విరగగొట్టింది. ఆ వార్త చదివి సొంత ఊరి రోడ్డు కొట్టుకుపోయినట్లు బాధపడ్డాను.) వెనుక ప్లాస్టిక్కు కిటికీ జిప్పు ముందుగా తీసి, తరువాత కప్పు మడిచాడు. ఆ వరుస తప్పితే ప్లాస్టిక్కు చిట్లుతుందట. ఆకులు పసుపు, కాషాయం, ఎరుపు రంగులకు తిరిగి ఉన్నాయి. ఋతువు, పర్ణం, రెండూ కలిసిన పేరు గల రాజు ఎందుకు ఆకులు లెక్కపెట్టాడో నాకు అక్కడ కొంచెం బోధపడింది.

నేను భయపడిన వేగం ఆ దారిలో ఎక్కడా లేదు. నలభై మైళ్ళకే మలుపు మలుపూ తెలుస్తున్నది. వాడు గేరు మార్చే చప్పుడు, తడిమట్టి వాసన, ఎండలోంచి నీడలోకి దూరినప్పుడు మెడమీద చల్లదనం. వాడు దారినుంచి చూపు తిప్పలేదు, సెల్‌ఫోను ముట్టలేదు. బలమైన కారులో ఇంత ఇంపు కలగాలంటే చట్టం మీరాలి. బలం తక్కువైన కారులో చట్టం లోపలే కలుగుతుంది. చిన్నదీ పాతదీ అయిన స్పోర్ట్స్ కారు పక్షాన ఇంతకంటె గట్టి వాదం నాకు కనిపించదు. కంద పద్యం చిన్నది కనుకనే అందులో ప్రతి గణం వినిపిస్తుంది. ఇదీ అంతే.

ప్రతిపక్షాన్ని దాచను. అది పాత కారు. నేటి కార్లలో ఉండే ప్రమాద నివారణ సాధనాలు అందులో చాలామటుకు లేవు. పెద్ద లారీ ప్రక్కన అది లారీవాడి కంటికి ఆనదు. వానరాత్రి రహదారిమీదికి అది తగదు. ముందు సీటు ఎదుట గాలిసంచి ఉంది, దాన్ని ఆపివేసే మీట లేదు, వెనుక సీటు లేనేలేదు. కనుక మా మనుమరాలిని అందులో ఎక్కించడానికి వీల్లేదని తల్లీ తండ్రీ నియమం పెట్టారు. ఆ పిల్ల ఏడ్చినా మార్చలేదు. నిలబెట్టి ఉన్నప్పుడు మాత్రం ఆ పిల్ల నా పర్యవేక్షణలో మీట నొక్కుతుంది. ముందు దీపాలు రెప్పలు విప్పినట్లు పైకి లేస్తాయి, మళ్ళీ నొక్కితే మూసుకుంటాయి. "తాతయ్యా, కళ్ళు తెరిచింది చూడు" అంటుంది. ఇంటికి ఇది ఒక్కటే కారు అయితే కొనరాదు. అప్పు చేసి కొనరాదు. ధరలో సగమైనా వేరుగా దాచి ఉంచనిదే కొనరాదు. టైర్లూ బ్రేకులూ ముందు, మెరుపు తరువాత. రెండేళ్ళకొకసారి బ్రేకు ద్రవం మార్చే ఓపిక లేనివాడు ఆ ముచ్చట వదులుకోవడం మేలు.

ఈ కారు మన దేశంలో అమ్మకానికి రాలేదు. అయినా ఇందులోని ధర్మం మనకు పనికివచ్చేదే. పాత యెజ్డీ మోటారుసైకిలునో, తాతలనాటి ఫియట్‌నో ప్రేమతో బాగుచేసుకునేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. మన దగ్గర సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళతో ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. ఆ కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం కూడా అక్షహృదయంలో భాగమే.

మావాడు ఇప్పటికీ ఆ పుస్తకంలో లెక్క వ్రాస్తున్నాడు. నెలకొకసారి ఆ పుట ఫోటో తీసి పంపుతాడు. నేను కూడికలు సరిచూసి, తప్పుంటే ఎర్రసిరాతో దిద్దినట్లు జవాబు వ్రాస్తాను. మొన్నటి పుట అడుగున అంకెల క్రింద తెలుగులో ఒక వాక్యం ఉంది. సీట్ల వెనుక తూములు శుభ్రం చేశానని. "శుభ్రం" అన్న పదంలో రావత్తు మరిచాడు. దిద్ది పంపాను.

గుడ్డిగుర్రం సామెతను నేను మానలేదు. మంచి సామెత, ఎందుకు మానాలి? ఇకమీదట ప్రయోగించే ముందు గుర్రం కళ్ళు ఒకసారి చూసుకుంటాను.